బ్రెడ్డు వ్యానులో నల్లమలకు

పోయిన మంగళవారం పొద్దున కొత్తపేట రైతుబజారులో దోసకాయలు ఏరుకుంటుంటే ఫోన్ మోగింది. "అక్కా, బాపు పోయిండు. చాయ్ తాగిండు, కుర్చీల కూసున్నడు, గంతే" అంది అవతలి గొంతు. పోయింది మా పక్కింటి డ్రైవరు మామయ్య. ఫోన్ చేసింది ఆయన కూతురు. ఎనభై తొమ్మిదేళ్ళు బతికి, ఒక్కరోజైనా మంచాన పడకుండా, ఎవరి చేతా గ్లాసెడు నీళ్ళు తెప్పించుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ విషయంలో నాకు ఆయన మీద కొంచెం కోపంగానే ఉంది. దోసకాయలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

చర్చిలో ప్రార్థన అయ్యాక నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను గాని ఏడుపు కాదు, నవ్వొచ్చింది. శవపేటిక ముందు నవ్వితే బాగుండదని కూర్చుండిపోయాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మామయ్య అంటున్నానే గాని మాకూ ఆయనకూ చుట్టరికం ఏమీ లేదు. మాది తెనాలి వైపు. వాళ్ళది కల్వకుర్తి దగ్గర పల్లె. నాన్నకు హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకుంటే, గోడకవతల ఆయన, అత్తమ్మ, చంటిపిల్ల ఉండేవారు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అంది, ఆయన అమ్మను చెల్లె అన్నాడు, దాంతో నాకు మేనమామ ఒకడు దొరికాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఇళ్ళకంటే ద్రాక్షతోటలే ఎక్కువ.

ఆయన ఒక బేకరీ వ్యాను నడిపేవాడు. మలక్‌పేట నుంచి సరూర్‌నగర్ దాకా దుకాణాలకు బ్రెడ్డు వేసి, ఖాళీ వ్యానుతో మా సందులోకి వచ్చేసరికి సందంతా కమ్మటి వాసన నిండేది. వ్యాను ఎక్కేముందు ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవాడు. అద్దాన్ని పాత పేపరుతో తుడిచి, ఆ పేపరునే విప్పి చదివేవాడు. దారికి అడ్డంగా కుక్క పడుకుని ఉంటే హారన్ కొట్టేవాడు కాదు, దిగి వెళ్ళి మెల్లగా లేపేవాడు. ఎందుకలా అంటే, "పండుకున్నదాన్ని బెదిరిచ్చి లేపుతే దాని దినమంత ఖరాబైతది గద బిడ్డా" అన్నాడు. కుక్కకు కూడా ఒక దినం ఉంటుందని నాకు ఆయన చెప్పేదాకా తోచలేదు.

అరవై తొమ్మిది గొడవల్లో బడులు మూసేశారు. నాకు పదకొండేళ్ళు. సెలవులని సంబరపడ్డాను. అమ్మ మాత్రం నోరు మూసుకుంది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. కిరాణా కొట్టులో ఒకావిడ "మీరు ఆంధ్రోళ్ళా?" అని అడిగిందట, అంతే. మామూలుగానే అడిగిందో, మరోలా అడిగిందో అమ్మకు తేలలేదు. ఆ రోజు నుంచి గడప దాటితే మాట్లాడటం మానేసింది. నోరు విప్పితే యాస పట్టిస్తుందని భయం. ఉప్పూ పప్పూ అత్తమ్మే తెచ్చిపెట్టేది. మా అమ్మ మామూలు మాటకారి కాదు, చాకలి పద్దు చదివినా నలుగురు చుట్టూ చేరి వినేవారు. అలాంటి మనిషి మూడు నెలలు పెదవి బిగబట్టుకుని తిరిగేసరికి ఇల్లంతా బోసిపోయింది.

నాన్న ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ రాసి అలమారాలో పెట్టాడు. "నువ్వు ఊఁ అను, రేపే ఇచ్చేస్తాను" అన్నాడు. అమ్మ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. నాకు వెళ్ళాలని లేదు. నన్నెవరూ అడగలేదు.

మామయ్య దగ్గర దాపరికం ఉండేది కాదు. తెలంగాణ కావాలని తీసే జులూసుకు వెళ్ళేవాడు, గొంతు బొంగురుపోయేలా అరిచేవాడు, తిరిగొచ్చి మా గోడ మీద బ్రెడ్డు పెట్టేవాడు. నాన్న ఒకరోజు ధైర్యం చేసి, "ఇంతకీ మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా?" అని అడిగాడు.

"రాష్ట్రం ఏరు గావాలె అన్నం సారూ. గోడ పక్కోళ్ళు ఏరు గావాలె అన్నమా?" అన్నాడు మామయ్య. "పోయేదుంటే పోండ్రి. గని నల్లమల సూడకుండ ఎట్ల పోతరు? మా దిక్కు ఏమున్నదో కండ్లతోని సూసి, గప్పుడు పోండ్రి" అన్నాడు.

బందు రోజుల్లో బేకరీ పొయ్యి వెలిగేది కాదు. ఒకరోజుకు వ్యాను వాడుకోమని యజమాని ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి రెండు వారాలు మామయ్యకు దారి ఆలోచించడమే పని. ఎన్ని మైళ్ళు అని నాన్న అడిగితే ఎక్కడెక్కడ ఆగాలో చెప్పేవాడు. ఆయనకు దారి అంటే ఆగే చోట్లే. బ్రెడ్డుకు చుట్టే కాగితాలు నాలుగు అతికించి, వెనక వైపు దారి గీశాడు, పక్కన రాసుకుంటూ వచ్చాడు. ఆమనగల్లు కాడ గుట్టలు మొదలైతయి, దిగాలె. అచ్చంపేట దాటినంక టైర్లు సల్లబడాలె. మన్ననూరు కాడ ఇప్పచెట్లు, వాసన సూడాలె. ఘాటు మీద మూడో మలుపు కాడ బండికి దమ్ము ఇయ్యాలె. ఫరహాబాద్ కాడ ఏం జెయ్యొద్దు, నిలబడి సూడాలె. చివరి చోటు తప్ప మిగిలిన నాలుగింటి పక్కనా ఒక్కటే మాట రాశాడు: దూప.

ఆ కాగితం తెచ్చి అమ్మ చేతికిచ్చి, "తినేది మేం సూస్కుంటం చెల్లె. దూప సంగతి మీరు సూస్కోండ్రి" అన్నాడు.

అమ్మ ఆ రాత చదివి కళ్ళు తుడుచుకుంది. "చూశారా, ఆయన క్రైస్తవుడు. అయినా దారిలో మన దేవుళ్ళకు ధూపం వేసుకోవడానికి నాలుగు చోట్ల బండి ఆపుతానని రాశాడు. ఎంత మంచి మనసో" అంది నాన్నతో. చదువు తక్కువ కదా, పాపం ఒత్తు వదిలేశాడని జాలిపడింది. మా అమ్మకు తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. నా ఎర్ర పెన్సిలు తీసుకుని నాలుగు చోట్లా ద కింద ఒత్తు పెట్టి, చివర సున్నా చుట్టి, ధూపం అని దిద్ది కాగితం తిరిగిచ్చింది. మామయ్య ఆ ఎర్ర గీతలు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ బేగంబజారు నుంచి సాంబ్రాణి తెప్పించింది. ఇత్తడి ధూపపు గిన్నె తోమింది, బొగ్గులు సంచీలో పోసింది.

బయల్దేరే రోజు వ్యానులో అరలు తీసేసి చాప పరిచారు. నాన్న ముందు మామయ్య పక్కన కూర్చున్నాడు. అమ్మ, పాపతో అత్తమ్మ, నేను వెనక. ఆమనగల్లు దగ్గర మామయ్య వ్యాను ఆపి, "కానియ్యండ్రి చెల్లె" అన్నాడు. అమ్మ దిగి అటూ ఇటూ చూసి, వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి కనిపెట్టి, బొగ్గులు రాజేసి సాంబ్రాణి వేసింది. మామయ్య, అత్తమ్మ చేతులు కట్టుకుని మర్యాదగా దూరంగా నిలబడ్డారు. అమ్మ వచ్చి వ్యాను ఎక్కి కూర్చుంది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్ళూ ఎక్కారు.

అచ్చంపేట దాటాక కూడా అదే తంతు. ఎండ ముదిరింది. నేను నీళ్ళడిగితే, "మామయ్యవాళ్ళు తెచ్చే ఉంటారు, మనమై అడిగితే బాగుండదు" అని అమ్మ చెవిలో చెప్పింది. అవతల అత్తమ్మ గొణుగుతుంటే మామయ్య, "గది వాళ్ళ వంతు. అడుగుతే తప్పు పట్టినట్టుంటది" అని సర్దిచెప్పాడట, తర్వాత తెలిసింది. ఆ ఏడాది మేమంతా ఒకరినొకరు నొప్పించకూడదని మరీ జాగ్రత్తగా ఉండేవాళ్ళం. ఆ జాగ్రత్తతోనే గొంతులు ఎండబెట్టుకున్నాం. మన్ననూరులో ఇప్పపూల వాసన చూడమంటే, నాకు వాసన పీల్చే ఓపిక కూడా లేదు.

ఘాటు మీద మూడో మలుపు దగ్గర పాప ఇక ఆగలేదు. "బాపూ, దూప" అని రాగం ఎత్తుకుంది.

"ఉండమ్మా, అదే వేస్తున్నాను" అని అమ్మ గబగబా దిగి బొగ్గులు తీసింది.

"దూపైతుందే" అని పాప నేలమీద పడి దొర్లింది.

"అవుతుందమ్మా, నిప్పు రాజుకోవద్దూ" అని అమ్మ గిన్నెలోకి ఊదుతోంది.

మామయ్య పరుగున వచ్చాడు. "చెల్లె, ఎండాకులున్నయి, అడవి అంటుకుంటది. ముందుగాల పోరికి నీళ్ళియ్యండ్రి."

"నీళ్ళా? నీళ్ళు మీరు తేలేదా?"

"దూప సంగతి మీరు సూస్కోండ్రి అన్న గద."

"చూసుకుంటున్నాను కదా అన్నయ్యగారూ" అని అమ్మ సాంబ్రాణి పొట్లం ఎత్తి చూపించింది.

మామయ్య ఆ పొట్లం వైపు చూశాడు, పాప వైపు చూశాడు. జేబులోంచి కాగితం తీసి ఎర్ర గీతలు చూశాడు. రోడ్డు మీదే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వడానికి గొంతులో తడి లేక దగ్గుతున్నాడు, దగ్గుతూ నవ్వుతున్నాడు. అత్తమ్మే అమ్మకు చెప్పింది, "వదినె, దూప అంటే మా దిక్కు నీళ్ళకు అయ్యే దూప. మీరేమంటరు, దాహమా? గది."

నాన్న కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "సరిగ్గా రాసినదాన్ని దిద్దాను" అంది మెల్లగా. ఏ ఏడాదిలో ఎవరి తెలుగు దిద్దిందో అప్పటికి గాని ఆమెకు తట్టలేదు. "తప్పు నాది అన్నయ్యగారూ. మీరైనా చెప్పకపోయారా?"

"మీ దిక్కు గట్ల రాస్తరేమో అనుకున్న చెల్లె. ఎర్రగ దిద్దుతే, మంచిగనే ఉన్నది అనుకున్న" అన్నాడు మామయ్య కళ్ళు తుడుచుకుంటూ. ఆ మాటలో వెటకారం వెతికినా దొరకదు. నేను తర్వాత ముప్పై ఏళ్ళు పిల్లల నోటుపుస్తకాలు దిద్దాను. ఎర్ర కలం పట్టుకున్నప్పుడల్లా ముందు ఆ పిల్లాడి ఊరు అడిగేదాన్ని. ఆ బుద్ధి నాకు మామయ్య పెట్టిన భిక్షే.

రోడ్డుకు కాస్త లోపల చెంచుల గుడిసెలు రెండు కనబడ్డాయి. మామయ్య లేవబోయాడు, నాన్న కూడా లేచాడు. "మీరుండండి, నేను అడుగుతాను" అంది అమ్మ. అందరం ఆమె వైపు చూశాం. మూడు నెలలుగా కిరాణా కొట్టులో ఉప్పడగని మనిషి. నా చెయ్యి పట్టుకుని నడిచింది.

గుడిసె ముందు ఒక ముసలావిడ కూర్చుని ఏదో చెరుగుతోంది. అమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"అమ్మా, దూపైతుంది. పిల్లలకు జర నీళ్ళిస్తారా?"

తెనాలి దీర్ఘం, తెలంగాణ మాట కలిసి అదో వింత తెలుగు వచ్చింది. ముసలావిడ నవ్వలేదు, తేరిపార చూడనూ లేదు. లోపలికి వెళ్ళి సొరకాయ బుర్ర నిండా నీళ్ళు తెచ్చింది. అమ్మ ముందు నాకు పట్టింది, తర్వాత తను తాగింది. వ్యాను దగ్గరి వాళ్ళకని ఇంకో బుర్ర నింపుతూ ముసలావిడ అడిగింది.

"మీదే ఊరు?"

నేను అమ్మ మొహంలోకి చూశాను. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"దిల్‌సుఖ్‌నగర్" అంది.

ఫరహాబాద్ దగ్గర కాగితంలో రాసినట్టే ఏమీ చెయ్యలేదు, నిలబడి చూశాం. కింద అడవి, దాని వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. "ఇంగ మీరు పోయినా మంచిదే, సూసిన్రు" అన్నాడు మామయ్య, కొండల వైపే చూస్తూ. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ కొండలు లెక్కపెడుతోంది.

తిరుగు ప్రయాణంలో అమ్మ మాటలు మొదలుపెట్టింది. దూప నుంచి ఎత్తుకుని, తన పెళ్ళిలో జరిగిన పొరపాటు, తెనాలిలో వాళ్ళ మేష్టారి కోపం, అత్తమ్మ చేసే పచ్చిపులుసులో బెల్లం ఎందుకు వేయాలో, ఎందుకు వేయకూడదో, ఒకటా రెండా. అత్తమ్మ పడీపడీ నవ్వుతోంది. మూడు నెలల మాటలు ఒక్కసారి పెట్టుకుంది. వచ్చే దసరాకు అత్తమ్మను ఏ చీరల కొట్టుకు తీసుకెళ్ళాలో చెప్తున్నప్పుడు నాన్న వెనక్కి తిరిగి, "దసరాకు మనం ఇక్కడే ఉంటామా?" అన్నాడు.

"ఇక్కడ కాకపోతే ఎక్కడుంటాం? మాట మధ్యలో అడ్డం రాకండి" అంది అమ్మ.

పొద్దు వాలుతుండగా మా సందు వచ్చింది. నాన్న చెయ్యెత్తి చూపించాడు. అమ్మ చీరల సంగతి ఇంకా సగంలోనే ఉంది. మామయ్య ఒకసారి వెనక్కి చెవి పెట్టి విన్నాడు, సందు దాటించి వ్యానును తిన్నగా పోనిచ్చాడు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా ఉన్న వైపుకి, రెండు పక్కలా తోటలు తప్ప ఏమీ లేని ఆ దారిలో, చాలా నెమ్మదిగా. ఎక్కడికని ఎవరూ అడగలేదు.