ముడిమ్యాల నెమలి అడవిదా, పెంపుడుదా?

నెమలిని చూస్తే నాకు ఒళ్లు మండుతుందని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. జాతీయ పక్షి గురించి ఆ మాట అనే ధైర్యం నాకు డైరీలో తప్ప ఇంకెక్కడా రాదు. ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయ్యాక చాలాకాలం ఇంట్లో కూర్చుని చివరికి సంపాదించుకున్న మొదటి ఉద్యోగంలో, నా పనల్లా చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో తిరుగుతూ కనిపించిన ప్రతి చెట్టునూ, పిట్టనూ ఫొటో తీసి, యాప్‌లో 'అడవిది' అనో 'పెంపుడుది' అనో నొక్కడం. వినగానే ఎంత సులువనుకున్నానో. ఫామ్‌హౌస్ గోడ దాటి రోడ్డు మీదికి దూకిన కాగితప్పూల తీగ ఏ లెక్కలోకి వస్తుంది? మార్కెట్ వెనక పారబోసిన టమాటాల్లోంచి మొలిచిన మొక్క? ఎవరినైనా అడిగితే తెలిసిపోయేదే, కానీ కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు (లోపల కుక్క ఉందని నాకు నేనే చెప్పుకుని గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగేదాన్ని). అందుకని ఊహించి నొక్కేదాన్ని. గండిపేటలో ఇంట్లోంచే వాటిని సరిచూసే మా మేడం అన్నీ తిప్పి పంపేవారు. మనిషి తెచ్చి పెడితే పెంపుడుది, తనంతట తాను వస్తే అడవిది, ఇందులో అర్థం కానిదేముందమ్మా అని విసుక్కునేవారు. ఇంకొక్కటి తప్పు పోతే ట్రయల్ నెలతోనే సరి అని కూడా అన్నారు.

సరిగ్గా అప్పుడే ముడిమ్యాలలో ఒక అవ్వ ఇంటి గోడ మీద నెమలి కనిపించింది. నెమలి అడవిది కాక మరేమవుతుందని హాయిగా నొక్కేశాను. సాయంత్రానికల్లా మేడం ఫోన్: దాని కాలికి ఎర్ర పేలిక కట్టి ఉంది, చూడలేదా అని. మర్నాడు మళ్లీ వెళ్లాను. నేను గొంతు సవరించుకునేలోపే అవ్వ మంచం వాల్చి, జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. పేలిక దిష్టికి కట్టిందట. పత్తి చేన్లో కలుపు తీస్తుంటే గుడ్డు దొరికితే, తెచ్చి పొదుగుతున్న కోడి కింద పెట్టిందట. అది కోడిపిల్లలతోపాటే పెరిగిందట. అయితే పెంపుడుదేనన్నమాట అని నేను ఫోన్ తీయగానే ఆమె ముఖం మారిపోయింది.

"సాదుకున్నమని రాయకు బిడ్డా. నెమలిని సాదితె కేసు పెడ్తరంట. నేనేమన్న దాన్ని కట్టేసిన్నా? అదే వస్తది, అదే పోతది."

అవ్వ తరఫున సాక్ష్యం చెప్పాల్సిన నెమలి ఆ క్షణంలోనే నా పళ్లెంలోని రొట్టె ఎత్తుకుపోయింది. చాలక మళ్లీ వచ్చి నా చున్నీ పట్టి లాగింది. నేను మంచమెక్కి నిలబడ్డాను. అడవిదంటే నా ఉద్యోగం పోతుంది, పెంపుడుదంటే అవ్వ మీద కేసు పడుతుంది. ఈ గొడవంతటికీ కారణమైనది మాత్రం పింఛం విప్పుకుని మంచం చుట్టూ తిరుగుతోంది.

అక్కడ నిలబడే మేడంకు ఫోన్ చేశాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆపకుండా మాట్లాడాను (భయం వల్లో, కోపం వల్లో నాకిప్పటికీ తెలియదు). గుడ్డు తెచ్చింది మనిషే కావచ్చు, కానీ దానికి దడి లేదు, తాడు లేదు, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుందో అవ్వకే తెలియదు, దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు, ప్రస్తుతం నా వల్ల అసలే కావడం లేదు అన్నాను. నీకింత గొంతుందా అమ్మాయ్ అన్నారు మేడం. 'అడవిది' అలాగే ఉండిపోయింది, నా ఉద్యోగమూ ఉండిపోయింది.

ఆ సంగతి చెబుదామని, ఏ పనీ లేకపోయినా, ఆదివారం బస్సెక్కి సరిగ్గా అన్నం వేళకు ముడిమ్యాల చేరాను. గేట్ల దగ్గర గొంతు పెగలని ఆ పిల్ల ఆ రోజు పిలవకుండానే లోపలికి వెళ్లి, చెప్పులు విడిచి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద నాకు ముచ్చటేస్తుంది. కేసేమీ లేదని చెప్పాను. అవ్వ రొట్టె పళ్లెం నా ముందు పెట్టి, గోడ మీది నెమలినీ, నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఒక్కపూట రొట్టె పెడితె నీయంతల నువ్వే మళ్ల వచ్చినవ్. మరి నిన్నేమని రాయాలె బిడ్డా?"