మార్తా పేరు పక్కన ఖాళీ

రిటైరవడానికి ముందు చివరి శీతాకాలం. అప్పుడు నేను ఇల్లినాయ్‌లోని ఒక కౌంటీ రికార్డుల ఆఫీసులో సీనియర్ ఆర్కివిస్టుని. పాత దస్తావేజులు భద్రపరచడం, పూర్వీకుల ఆచూకీ కోసం వచ్చేవాళ్లకి వెతికిపెట్టడం నా పని. డిసెంబరులో హెలెన్ అనే ఆవిడ వచ్చింది. ఒకప్పటి స్కూల్ టీచరు, పెళ్లి చేసుకోలేదు, నా అన్నవాళ్లు లేరు. క్యాన్సర్ ముదిరిపోయిందని కూర్చుంటూనే చెప్పేసింది.

ఆమె ముత్తవ్వ తల్లి మార్తా, ఆ పేరు కూడా ఇంట్లోవాళ్లు చెప్పుకోగా విన్నదే. ఈ ప్రాంతమంతా గడ్డి మైదానంగా ఉన్న రోజుల్లో ఒహాయో నుంచి ఎద్దుబండిలో వచ్చి, దుంగల ఇంట్లో పిల్లల్ని కని, అక్కడే పోయింది. సమాధి రాయి మీద 'జాన్ భార్య' అని మాత్రమే ఉంది. తను పోయేలోగా మార్తా పుట్టింటి పేరుతో కొత్త రాయి వేయించాలని హెలెన్ కోరిక.

1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. భార్యాబిడ్డలు ఉత్త అంకెలు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మార్తా పెళ్లి నమోదు కూడా దొరకలేదు. అలాంటప్పుడు మేము ఆనాటి ఇరుగుపొరుగు కుటుంబాల రికార్డులు వెతుకుతాం. అప్పట్లో బళ్లు గుంపుగా కదిలేవి, సంబంధాలూ ఆ గుంపులోనే కుదిరేవి. వెతగ్గా వెతగ్గా జాన్ భార్య అయి ఉండగల ఒకే ఈడు మార్తాలు ఇద్దరు తేలారు. మేనత్త, మేనమామ బిడ్డలు, ఇంటిపేర్లు వేరు. అంత దగ్గరి చుట్టాలు కావడంతో హెలెన్ డీఎన్ఏ పరీక్ష కూడా ఎటూ తేల్చలేదు.

"వీకెండ్ కూడా ఎవరి అమ్మమ్మనో సెర్చ్ చేస్తావు. మా నాయనమ్మ అసలు పేరేంటో చెప్పు చూద్దాం," అని మా ఊరు అరోరాలో, ఇంట్లో మావారు ఆటపట్టించారు. చెప్పలేకపోయాను. ఆయనకీ తెలీదు.

సంగతి చెప్పడానికి వెళ్లేసరికి హెలెన్ మంచం దిగలేని స్థితిలో ఉంది. ఇద్దరిలో ఒకరిని నన్నే ఎంచమంది, తను పోయాక అడిగేదెవరంది. రుజువు కానిది రాయకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం, రేపు ఆ రాయినే రుజువనుకుంటారని చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. కారులో కూర్చుని ఏడ్చాను కానీ మాట మార్చుకోలేదు.

ఆమె బతికుండగానే రాయి వేశారు. 'మార్తా' అని చెక్కించి, పక్కన ఒక పేరు పట్టేంత చోటు వదిలేయమందట. మంచు కరగకముందే హెలెన్ పోయింది.

ఉద్యోగంలో నా ఆఖరి పని ఆమె మా ఆఫీసుకి ఇచ్చి వెళ్లిన సొంత కాగితాలు ఒక పెట్టెలో సర్దడం. పుట్టుక, చదువు, ఉద్యోగం, చివర్లో నేను చేర్చిన మరణ పత్రం, అన్నీ ఉన్నాయి. ఎక్కడా అనుమానానికి తావులేదు. ఇప్పటికీ పాత ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు ఆ పెట్టె ఎవరైనా అడిగారా అంటాను. లేదంటారు. మనిషి పేరు నిలవడానికి కాగితం ఉంటే చాలని ఉద్యోగం చేసినన్నాళ్లూ నమ్మాను. చాలదు. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కూడా ఉండాలి. హెలెన్‌కి ఎవరూ లేరు.