బీమా లారీకి కాదు

నిన్న పొద్దున నది అవతల సర్కండా వెళ్ళే ఆటోలో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, తాత పోయాడు."

ఆటో ఆపించి దిగిపోయాను. ఎందుకు దిగానో తెలియదు. రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. మళ్ళీ ఇంకో ఆటో ఎక్కాను.

తొంభై ఐదు దాటినాయన పోతే షాక్ ఏమిటి అంటారు. అనండి. నాకు నిన్నటి నుంచి కుదురు లేదు. టీ పెట్టుకుంటాను, తాగను. ఈ పోస్ట్ కూడా నిలబడే టైప్ చేస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అప్పలస్వామి తాత మా అమ్మ నాన్న. రైల్వే లోకో షెడ్‌లో ఖలాసీగా చేరి, ఫిట్టర్‌గా రిటైర్ అయ్యాడు.

కానీ షెడ్‌కి ముందు తాతకి ఒక లారీ ఉండేది. ఆ సంగతి ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు.

స్వాతంత్ర్యం ఇంకా రాలేదు. యుద్ధం అయిపోయింది, మిలిటరీ వాళ్ళు పాత లారీలు అమ్మేస్తున్నారు. తాతా, వాళ్ళ అన్న పెద్దతాతా ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి ఒకటి కొన్నారు. గూడ్స్ షెడ్ నుంచి బస్తాలు తోలేవారు. డ్రైవింగ్ తాతది, పెత్తనం పెద్దతాతది.

అప్పుడే కొత్త రూల్ వచ్చింది. బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. పెద్దతాత వెళ్ళి చేయించాడు. వాళ్ళమ్మ లారీకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి, "ఇంక మన లారీకి ఏటీ అవదు" అందట. బీమా అంటే అందరూ అదే అనుకున్నారు. లారీకి దెబ్బ తగిలితే కంపెనీ బాగుచేయిస్తుందని!

ఒకరోజు తాత వెనక చూసుకోకుండా లారీని వెనక్కి తీశాడు. నది అవతల నుంచి పాలు తెచ్చి అమ్మే బుధ్‌రామ్ చక్రం కింద పడ్డాడు. కాలు నలిగిపోయింది.

లారీ వెళ్ళి గోడకి తగిలి మడ్‌గార్డ్ వంగింది. పెద్దతాత ఏం చేశాడో తెలుసా? ఏజెంట్ దగ్గరికి పరుగెత్తి, మడ్‌గార్డ్ ఎప్పుడు మారుస్తారని అడిగాడు.

ఏజెంట్ నవ్వాడట. "ఈ బీమా నీ లారీకి కాదయ్యా, దాని కింద పడ్డవాడికి. లారీకి వేరే బీమా ఉంటుంది, అది నువ్వు తీసుకోలేదు."

ఇంకో మాట కూడా చెప్పాడు. తప్పు మాదే అని ఎవరితోనూ అనొద్దు. ఆ ఇంటికి వెళ్ళొద్దు. మాట్లాడేదంతా కంపెనీ మాట్లాడుతుంది, అది షరతు.

వెళ్ళొద్దంటే ఎలా? మన వాళ్ళకి పలకరింపు ఎంత పెద్ద సంగతో మీకు తెలుసు. జ్వరం వస్తేనే నాలుగు అరటిపళ్ళు పట్టుకుని వెళ్తాం. కాలు విరగ్గొట్టి ఇంట్లో కూర్చుంటామా?

తాత మూడు రోజులు ఓర్చుకున్నాడు. తర్వాత పళ్ళు పట్టుకుని నది దాటి వెళ్ళాడు. బుధ్‌రామ్ మంచం దగ్గర, ఊరందరి ముందూ చేతులు జోడించాడు. "గల్తీ నాదే భయ్యా. ఎనక్కి సూసుకోనేదు."

ఆ మాట ఏజెంట్ చెవిన పడింది. షరతు తప్పారు, కంపెనీ పైసా ఇవ్వదు అన్నాడు.

పెద్దతాత అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. "నిన్ను నోరు మూసుకోమంటే నీకేటి కష్టమొచ్చిందిరా!" బుధ్‌రామ్ వాళ్ళు పరిహారం కోసం కేసు వేశారు. మా ప్లీడరు ఒక దారి చూపించాడు. బుధ్‌రామే బండికి అడ్డం వచ్చాడని కోర్టులో చెప్పు, పరిహారం కట్టక్కర్లేదు, లారీ నిలుస్తుంది అన్నాడు.

లారీ నిలిస్తే బుధ్‌రామ్‌కి ఏమీ రాదు. పాలు మోసి బతికే మనిషి, ఇంటినిండా పిల్లలు.

తాత కోర్టులో కూడా అదే చెప్పాడు. చూసుకోలేదు, తప్పు నాదే.

జడ్జి కంపెనీనే ఇమ్మన్నాడు. షరతు మీకూ లారీవాళ్ళకీ మధ్య ఉంది, కింద పడ్డవాడు దాని మీద సంతకం పెట్టాడా అని అడిగాడట. కంపెనీ బుధ్‌రామ్‌కి ఇచ్చింది. ఇచ్చి, షరతు తప్పారని అదంతా తాతావాళ్ళ దగ్గర వసూలు చేసుకుంది.

ఆ బాకీకి లారీ పోయింది. పెద్దతాత తమ్ముడితో మాట మానేశాడు, పోయేదాకా మాట్లాడలేదు.

కాలేజీ రోజుల్లో నేను ఒకసారి గొప్పగా అన్నాను. "నువ్వు నిజం చెప్పావు కాబట్టే కదా తాతా ఆయనకి న్యాయం జరిగింది."

తాతకి ఎంత కోపం వచ్చిందో! "డబ్బులిచ్చేరు, సరే. కాలెవుడిచ్చేడే?"

బుధ్‌రామ్ మళ్ళీ పాలు మోయలేదు. ఇంటి ముందు కూర్చుని బీడీలు అమ్మాడు. ఆయన బతికున్నంత కాలం తాత సెలవు రోజున వెళ్ళి పక్కన కూర్చుని వచ్చేవాడు. ఏం మాట్లాడుకునేవారో మాకెవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది తాతకి అన్నీ కలిసిపోయాయి. ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో తెలిసేది కాదు. మంచం మీద నిమిషం ఉండేవాడు కాదు. చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయేవాడు. "బుధ్‌రామ్‌ని సూసి రావాల" అనేవాడు. ఆయన ఎప్పుడో పోయాడని మావయ్య చెబితే, అప్పుడే విన్నట్టు ఏడ్చేవాడు. మర్నాడు మళ్ళీ గేటు దగ్గర.

పోయిన ఆదివారం నేనున్నాను. చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఆడి కాలు ఎలాగుందే?"

"బాగయిపోయింది తాతా. పాలు కూడా పోస్తున్నాడు."

"కుంటుతున్నాడా?"

"లేదు తాతా. తిన్నగా నడుస్తున్నాడు."

నా మొహం వైపు చాలాసేపు చూశాడు. "అచ్ఛా" అన్నాడు. చెప్పులు విప్పేసి, వెళ్ళి పడుకున్నాడు. తర్వాత లేస్తానని అనలేదట.

లారీ పోతున్నా అబద్ధం చెప్పని మనిషికి నేను అబద్ధం చెప్పాను. ఎవరేమనుకున్నా పర్వాలేదు. మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

వెళ్ళిరా తాతా. అక్కడైనా నీకు కంటినిండా నిద్ర పట్టాలి.