అల్లం గదికి పదమూడు డిగ్రీలు

మా మంజునాథ్ కంప్యూటర్ చదువు చదవలేదు. చిరాగ్‌పల్లి దారిలోని కోల్డ్ స్టోరేజీలో పదేళ్లుగా ఆపరేటర్. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. నేను అక్కడే గేటు దగ్గర రాతపని చేస్తాను, ఇదంతా కళ్లారా చూశాను.

మూడేళ్ల కింద గదుల చల్లదనం చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఏ సరుకుకు ఎన్ని డిగ్రీలో ఒక ఫైలులో రాసి ఉంటుంది. ఆలుగడ్డ ఉంది, ఆపిల్ ఉంది, మన అల్లం లేదు. లిస్టులో లేని సరుకుకు అది నాలుగు డిగ్రీలు పెడుతుంది. అంత చలిలో విత్తనపు అల్లం చస్తుంది. అందుకని మంజునాథ్ ఆ ఫైలు తెరిచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అల్లం గదికి పదమూడు అని రాశాడు. ఆ తర్వాత ఒక్క దుంప చెడలేదు.

ఈ ఏప్రిల్‌లో అప్‌డేట్ వచ్చింది. అతని ఫైలు తీసేసి, తన కొత్త ఫైలు పెట్టుకుంది. అందులోనూ అల్లం లేదు, గది మళ్లీ నాలుగు డిగ్రీలకు దిగింది. గోడకు సున్నం వేసేవాడైనా, దాని మీద రాసుకున్న ఫోను నంబర్లు చెరపాలా ఉంచాలా అని అడుగుతాడు. ఇది అడగలేదు. పైగా తెర మీద పచ్చ లైటు. గది తనకు చెప్పినంత చల్లగా ఉందని దాని అర్థం, ఆ చెప్పింది నాలుగో పదమూడో అది చూపదు. మంజునాథ్ రోజూ ఆ లైటు చూసి నిశ్చింతగా చాయ్ తాగాడు.

తలుపు తీసి చూడొచ్చు కదా అంటారు. మా దగ్గర అల్లం పెట్టే రైతులు సంచులకు పసుపు రాసి, గది తలుపుకు దారం కట్టిపోతారు. నాటే రోజు దాకా విత్తనాన్ని లేపకూడదంటారు. ఆ దారం మంజునాథ్ ఎన్నడూ తెంపలేదు.

మే నెలలో రాయికోడ్ రైతు శరణమ్మ నాటేందుకని వచ్చి తెంపింది. సంచి విప్పితే అల్లం మెత్తబడి నీళ్లు కారుతోంది. అది ఆమె అత్త చేతి విత్తనం. నలభై ఏళ్లుగా ఏటేటా దాచుకుంటూ వస్తోంది.

మంజునాథ్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేశాడు.

"ఆ ఫైలు మాది సార్. మీరు మార్చకూడదు. అప్‌డేట్ వస్తే కొత్తదే పడుతుంది," అన్నాడు అవతలివాడు.

"మీ లిస్టుల అల్లమే లేకపాయె. రాయకుంటె ఎట్ల సార్? తీసేటప్పుడు ఒక్క మాట అడగరాదా?"

"మా పద్ధతి అంతే సార్."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈ కంపెనీ తన పిడికెడు కూడా తీసుకోలేదు. నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరిని తిట్టను? అవతలివాడు ఫోను పెట్టేశాడు.

మంజునాథ్ మళ్లీ పదమూడు రాసి వచ్చేసరికి శరణమ్మ సంచులన్నీ కుమ్మరించి ఏరుతోంది. గట్టి ముక్కలు కొంగులోకి వచ్చినన్ని దొరికాయి. వాటికైనా మొలక వస్తుందో రాదో.

"ఏడ్వకు బిడ్డా, నీ తప్పేముంది? ఇవి నాటుకుంట. అచ్చే యేడు ఇత్తనం మళ్ల నీ గదిలనే పెడ్త," అంది శరణమ్మ.

మంజునాథ్ కళ్లు తుడుచుకున్నాడు.

"పెట్టకు అవ్వా," అన్నాడు. "నేను రాసింది ఉంటదో ఉండదో నాకే తెల్వది."