మూడు కిలోల నూరు గ్రాములకు సరిపడే చక్రాలు

మా చెల్లెలు విజయకు పాప నెల ముందే పుట్టింది. నంద్యాల ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు గాజుపెట్టెలో ఉండి ఇంటికి వచ్చింది. మూడు కిలోలు దాటాక ప్రయాణం చేయించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇక అప్పటినుంచి మా ఇంట్లో పంచాంగం పక్కనపెట్టి పాప బరువే చూసుకుంటున్నాం. విజయ దగ్గర ఉంటున్న అమ్మ ప్రతి సోమవారం ఫోన్ చేసి గ్రాములతో సహా చెప్పేది. పోయిన సోమవారం మూడు కిలోల నూరు గ్రాములు అంది. అంటే పాపను మార్కాపురంలో మా ఇంటికి తీసుకురావచ్చు. విజయ భర్త, మా బావ, అద్దె కారు మాట్లాడతానన్నాడు. నేనే వద్దన్నాను. నా మేనకోడలి మొదటి ప్రయాణం నా కారులోనే జరగాలని పట్టుబట్టాను. అందులో ప్రేమ ఎంతో, కొత్తగా వేయించిన చక్రాల మీద మోజు కూడా అంతే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కంపెనీ ఇచ్చిన పద్నాలుగు అంగుళాల చక్రాలు తీసేసి, పదహారు అంగుళాల అల్లాయ్ చక్రాలూ వెడల్పాటి టైర్లూ వేయించి అప్పటికి నెలయింది. నేను ఉద్యోగం చేసే ఒంగోలులో కారు ఎక్కడ ఆపినా ఇద్దరు ముగ్గురు నిలబడి చూసేవాళ్లు. చూడకపోతే నేనే కాసేపు పక్కన నిలబడేవాణ్ణి. బిగించిన రోజు షాపు అతను స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి, ఎక్కడా తగలడం లేదు చూసుకోమన్నాడు. నిజంగానే తగల్లేదు. ఆ రోజు కారులో ఉన్నది నేను ఒక్కడినే.

శుక్రవారం ఉదయం అయిదింటికి ఒంగోలులో బయలుదేరాను. పొదిలి చేరేసరికి ఆరున్నర. బస్టాండు దగ్గర నలభై రూపాయలకు ఇడ్లీ తిని టీ తాగుతుంటే, మార్కాపురం బస్సు తప్పిపోయిన భార్యాభర్తలు కనిపించారు. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. పక్కన రెండు కందుల మూటలు. నేనూ అటే పోతున్నానని చెప్పి మూటలు డిక్కీలో వేసి, వాళ్లను వెనక సీట్లో ఎక్కించుకున్నాను. ఊరు దాటి మొదటి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే వెనక చక్రం దగ్గర గరగరమని చప్పుడు వచ్చింది. రెండో దాని దగ్గరా అంతే.

"ఏంది నాయనా ఆ చప్పుడు? చక్రం ఎవరినో తిడతా ఉండాది," అన్నాడు పెద్దాయన.

రోడ్డు బాగాలేదని సర్ది చెప్పాను. మార్కాపురంలో వాళ్లు దిగాక కొంచెం ముందుకు పోయి చూస్తే చప్పుడు లేదు. హమ్మయ్య అనుకుని నంద్యాల దారి పట్టడానికి వెనక్కి తిప్పుకుని వస్తుంటే, మూట మీద కూర్చుని ఆటో కోసం చూస్తున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"మేం దిగితే చప్పుడు పోయింది గదా అని అట్లనే పోబాక. రేపు ఎక్కేటోళ్లూ మనుషులే గదా. ఆ పలకల యార్డు పక్కన మస్తాన్ ఉన్నాడు, ఒకసారి చూపియ్యి."

నాకు చిరాకు వేసింది. కానీ నంద్యాల పోవాలంటే గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్ ఎక్కి దిగాలి. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో ఎవరు ఉంటారో గుర్తొచ్చి కారు పక్కకు తిప్పాను.

మార్కాపురం పలకల ఊరు. మనలో చాలామంది అ ఆలు దిద్దిన పలకల రాయి ఈ చుట్టుపక్కల నేలలోదే. ఇప్పుడు బడి పలకల గిరాకీ తగ్గి, గోడలకు అంటించే పలక రాళ్లు ఎక్కువగా కోస్తున్నారు. అలాంటి ఒక యార్డును ఆనుకుని ఉంది మస్తాన్ భాయ్ టైర్ల దుకాణం. ఎనిమిదిన్నరకే ఆయన పనిలో ఉన్నాడు. తెల్ల గడ్డం, గళ్ల లుంగీ, చెవి మీద బలపం. నంద్యాల పోయి రేపు మా వాళ్లను తీసుకురావాలని చెబితే, నా చక్రాల చుట్టూ ఒకసారి తిరిగాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. టైరుకూ పైన రేకు అంచుకూ మధ్య వేళ్లు పెట్టి చూసి, "బాగుండాయి. ఈ కారుకు మాత్రం కాదు," అన్నాడు.

తర్వాత ఒక బడి పలక తీసుకుని నాకు లెక్క నేర్పాడు. టైరు మీద ఉండే మొదటి సంఖ్య వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో నూటికి ఎన్ని వంతులు టైరు గోడ ఎత్తు అన్నది. చివరిది లోపలి చక్రం అంగుళాల్లో. నా పాత టైరు 165/80 R14. గోడ ఎత్తు 132. పైనా కిందా కలిపి 264. పద్నాలుగు అంగుళాలంటే 356. మొత్తం ఎత్తు 620 మిల్లీమీటర్లు. కొత్తది 205/60 R16. అదే లెక్కన 652. ముప్పై రెండు మిల్లీమీటర్లు ఎక్కువ, వెడల్పు నలభై ఎక్కువ.

"నూటికి మూడు దాకా ఓర్చుకుంటాది బండి. నువ్వు అయిదు పెట్టినావు. నీ మీటరు అరవై చూపిస్తే నువ్వు అరవై మూడులో పోతాండావు, తెలుసా?"

నాకు తెలియదు. అయినా ఊరుకోలేక, ఖాళీగా ఉన్నప్పుడు తగలడం లేదు కదా అన్నాను. ఆయన నవ్వలేదు. "రేపు ఎవరెవరు ఎక్కుతారు? ఒక్కొక్కరి బరువు చెప్పు," అన్నాడు.

బావ ఎనభై, అమ్మ అరవై అయిదు, విజయ యాభై అయిదు, సామాన్లు ముప్పై అని చెప్పాను. ఆయన యార్డు గోడ దగ్గరికి పోయి, "రవణమ్మక్కా, ముగ్గురు మనుషులు కావాల," అని కేకేశాడు. గోడకు అవతల పలక రాళ్లు ఏరుతున్న ఒక యాభై ఏళ్ల ఆవిడ తలెత్తి, ఎంతెంత అని మాత్రం అడిగింది. ఇది వాళ్లకు మామూలే అని అప్పుడు అర్థమైంది. తూకం మిషను జోలికి పోకుండా, రాళ్లు చేతుల్లోకి తీసుకుని, కొన్ని దించి, కొన్ని ఎక్కించి, కట్టలుగా కట్టించింది. ముందు సీట్లో గోనెసంచి పరిచి బావను పెట్టారు. వెనక అమ్మనూ విజయనూ పెట్టారు. డిక్కీలో సామాన్లు. అంతా అయిందనుకుంటే రవణమ్మ కిటికీలోంచి తొంగి చూసి, "ఇంతేనా? ఇంకెవరన్నా ఉండారా?" అంది.

"పాప ఉంది. మూడు కిలోల నూరు గ్రాములు," అన్నాను. ఆ నూరు గ్రాములు నా నోటికి అలవాటైపోయాయి.

ఆవిడ చిన్న రాళ్లు నాలుగు తీసుకుంది. అరచేతిలో పట్టుకుని ఒక క్షణం ఆగింది. ఒకటి తీసేసి, పలుచనిది ఇంకొకటి పెట్టింది. నాకు నమ్మబుద్ధి కాక, అడిగి తూకం మిషను మీద పెట్టించాను. మూడు కిలోల ఎనభై గ్రాములు చూపించింది. ఎట్లా అని అడిగితే, "ముప్పై ఏండ్లు ఎత్తిన చెయ్యి నాయనా, అదే చెప్తాది," అని కొంగుతో దుమ్ము దులుపుకుని ఆ రాళ్లను విజయ ఒడి ఉండే చోట పెట్టింది.

మూడు కిలోలకు టైరు తగులుతుందా అని మస్తాన్ భాయ్‌ని అడిగాను.

"తగలదు. అది బండి కోసరం కాదు, నీ కోసరం. బండిలో ఎవరుండారో నీకు గుర్తుండాల."

తర్వాత పలకల దుమ్మును నీళ్లతో కలిపి, చక్రాల పైన గూడు లోపలంతా బూడిదరంగు పూత పూశాడు. నన్ను ఎక్కించి స్టీరింగ్ పూర్తిగా తిప్పించాడు. ఒక పక్క చక్రాలను రాళ్ల మెట్టు మీదికి ఎక్కించి దింపించాడు. అయిదు నిమిషాల తర్వాత దిగి చూస్తే, ముందు గూట్లో లోపలి వైపు పూత అరచేతి మేర చెరిగిపోయి ఉంది. వెనక రేకు అంచు దగ్గర గీత గీసినట్టు చెరిగింది. ఆయన నా వేలు పట్టుకుని వెనక టైరు పక్క అంచు మీద పెట్టాడు. గోరు దిగేంత లోతుగా కోత ఉంది. పొదిలి నుంచి వచ్చిన ఆ ఒక్క గంటలో పడినదే కావచ్చు.

"ఘాట్‌లో ప్రతి మలుపుకూ ఇదే చోట కోసుకుంటా పోతాది," అన్నాడు నెమ్మదిగా.

నేను సీట్లో ఉన్న ఆ చిన్న రాళ్ల వైపు చూశాను. సిగ్గేసింది, భయం కూడా వేసింది. మార్చేయమన్నాను.

ఆయన దగ్గర నా కారు పై మోడల్‌కు కంపెనీ వేసే పదిహేను అంగుళాల చక్రాలు ఉన్నాయి. టైరు 185/65 R15. లెక్కవేస్తే ఎత్తు 621, పాతదానికీ దీనికీ మిల్లీమీటరో రెండో తేడా. చక్రం బిగించే చోటు నుంచి అంచు ఎంత బయటికి వస్తుందో అదీ చూడాలనీ, ఎత్తు సరిపోయినా అక్కడ తప్పితే రేకుకు తగులుతుందనీ చెప్పి, అదీ కొలిచి చూపించాడు. నా పెద్ద చక్రాలు ఆయన తీసుకున్నాడు. పైన రెండు వేలు, బ్యాలెన్సింగ్‌కూ అలైన్‌మెంట్‌కూ పన్నెండు వందలు ఇచ్చాను. మళ్లీ పూత పూసి, అదే బరువుతో, అదే మెట్టు ఎక్కించాడు. ఈసారి పూత ఎక్కడా చెదరలేదు. గూట్లో ఆ బూడిదరంగు చూసి అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు.

పన్నెండు గంటలకు బయలుదేరి, తర్లుపాడు మీదుగా కంభం చేరి అక్కడ భోంచేశాను. రెండున్నరకు గిద్దలూరు, దిగువమెట్ట దాటితే అడవి. ఘాట్ చూసి ఎప్పుడూ నోరు తెరుచుకునే మనిషిని, ఆ రోజు చెట్లకన్నా చక్రాలనే ఎక్కువ విన్నాను. నాలుగున్నరకు నంద్యాల చేరాను. పాప నిద్రపోతోంది. నా పెద్ద చక్రాలు ఏమయ్యాయని బావ ఒక్కడే అడిగాడు. అరిగిపోయాయన్నాను.

శనివారం ఉదయం ఏడింటికి అందరం ఎక్కాం. అమ్మ నిన్నటి అరవై అయిదు కిలోల చోట, విజయ యాభై అయిదు కిలోల చోట, పాప ఆ నాలుగు రాళ్ల చోట. ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఎత్తు చెట్లలోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఒక మలుపు దగ్గర కోతులకు దారిచ్చి ఆగితే, అడవి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పాప ఊపిరి వినిపించింది. చక్రాలు ఒక్క మాట కూడా అనలేదు. నాకు కళ్లు చెమర్చాయి. అద్దంలో అమ్మ చూస్తుందని దగ్గినట్టు నటించాను.

మార్కాపురంలో ఇంటికి పోకముందు యార్డు దగ్గర ఆపాను. రవణమ్మ చేతులు కడుక్కుని వచ్చి, విజయను అడిగి పాపను ఎత్తుకుంది. ఒక క్షణం నిన్నటిలాగే ఆగింది. తర్వాత నన్ను చూసి, "నూరు గ్రాములన్నావే నాయనా, తప్పు చెప్పినావు. ఇంకో నూటయాభై ఎక్కువుండాది," అంది.

విజయ ఒక్కసారిగా ఏడ్చేసింది. ఈ వారమంతా పాప సరిగ్గా పాలు తాగడం లేదనీ, బరువు తగ్గుతోందేమోననీ భయపడుతూ ఎవరికీ చెప్పలేదట. రవణమ్మ పాపను తిరిగి ఒడిలో పెట్టి, "పెరగతా ఉండాది తల్లీ. నా చెయ్యి అబద్ధం చెప్పదు," అని పనిలోకి వెళ్లిపోయింది. సోమవారం మార్కాపురంలో పిల్లల డాక్టరు దగ్గర తూచారు. మూడు కిలోల రెండు వందల నలభై.

ఎన్నో కొండలు, జలపాతాలు చూసి ఈ ప్రయాణాల శీర్షికలో రాశాను. ఈసారి మాత్రం ఆశ్చర్యం ఒక టైర్ల దుకాణంలోనూ, పక్కనున్న రాళ్ల యార్డులోనూ కనిపించింది. చక్రం అందంగా ఉందా అని నేను చూశాను. దాని మీద ఎవరు కూర్చుంటారని వాళ్లు అడిగారు. తెలివి అంటే ఇదేనేమో అనిపిస్తోంది. నేను నెల రోజులు పక్కన నిలబడి చూసుకున్న ఆ పెద్ద చక్రాలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మీరూ చక్రాలు మార్చాలనుకుంటే ఒక్క మాట. ఖాళీ కారుతో చూసి సరే అనకండి. మీ ప్రయాణంలో ఎంతమంది ఎక్కుతారో అంత బరువు నింపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక పక్క మెట్టు ఎక్కించి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఎవరెవరు ఎక్కుతారని షాపు అతను అడిగితే, అందరికన్నా తేలికైన వాళ్ల బరువు ముందు చెప్పండి.