పెద్దన్న ఎత్తుకోని తువ్వాలు

నాన్న పోయాక పొలం పంచుకుంటే పెద్దన్నకి రోడ్డు పక్క మడులు, చిన్నన్నకి వెనక మడులు వచ్చాయి. చిన్నన్న ఎరువు బస్తాలైనా, కోసిన వరైనా పెద్దన్న గట్టు మీదుగానే పోవాలి. ఓ ఏడాది వదినల మధ్య మాట తూలింది. మర్నాటికి గట్టుకి అడ్డంగా ముళ్లకంప పడింది.

అమ్మకి తెలిసిన పద్ధతి ఒకటే. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. ఒకరింట్లో చోడి అంబలి తాగుతూ ఓ మాట, రెండో ఇంట్లో ఒత్తులు చేస్తూ ఓ మాట. అలా రెండు నెలలు తిరిగాక పెద్దన్న మెత్తబడి, కోతలకి కంప తీస్తాన్లే అన్నాడు. దానికి ముందు తిట్టిన తిట్లేవీ అమ్మ చిన్నన్న దగ్గరకి చేర్చలేదు.

"సగం మాట మొయ్యాల, సగం సందులో ఒగ్గీయాల" అనేది నాతో.

వాళ్ల చెల్లెల్ని, రాజాంలో డిగ్రీ చదివినదాన్ని; నాకు అది చాల్లేదు. దారి హక్కు, ఆయన దయేమిటి అన్నాను. వచ్చే ఏడు మళ్లీ కంప వేస్తే మళ్లీ అంబలికి బయల్దేరతావా అని అమ్మని ఎద్దేవా చేశాను. ఆ వాదనలో తప్పు నాకు ఇప్పటికీ కనపడదు.

పెద్దమనుషుల్ని పిలిపించింది నేనే. మా ఊళ్లో తగువుకి కూర్చునేవాళ్లు ముందు భుజం మీది తువ్వాలు తీసి పెద్దల ముందు పెడతారు, తీర్పుకి కట్టుబడతామని. తీర్పయ్యాక ఎవరిది వాళ్లు ఎత్తి భుజాన వేసుకుంటే తగువు పోయినట్టు. పెద్దన్న ఆ గట్టు తనదేనన్నాడు. చిన్నన్న నోరు విప్పేలోపే నేను అందుకున్నాను.

"నాన్న పాడెని ఆ గట్టు మీంచే కదా మోసుకెళ్లినావు అన్నా. ఆ రోజు అందరి దారి, ఇప్పుడు నీ ఒక్కడి గట్టయిపోయిందేటి?"

పెద్దలు దారి చిన్నన్నకి రాసిచ్చారు. చిన్నన్న తన తువ్వాలు ఎత్తుకున్నాడు. పెద్దన్న తనది అక్కడే వదిలేసి ఉత్త భుజంతో ఎండలో ఇంటికి నడిచాడు.

చిన్నన్న ఆ గట్టు మీద రెండు పంటలే నడిచాడు. ఎదురుపడ్డ ప్రతిసారీ అన్న మొహం తిప్పుకుంటుంటే కాళ్లు రావడం లేదని పొలం కౌలుకిచ్చి, ఆమదాలవలస స్టేషన్ దగ్గర ఆటో తోలుకుంటున్నాడు. అమ్మ పోయిన రోజు పాడెకి ఒకరు ముందు, ఒకరు వెనక పట్టారు. మాట మాత్రం లేదు.

ఆ రోజు నేను తెచ్చి దాచిన తువ్వాలు మొన్న వేసవిలో ఉతికి మడిచి పెద్దన్న ఇంటికి పట్టుకెళ్లాను. వదిన చేత నాకు అంబలి పోయించాడు. తువ్వాలు ముట్టుకోలేదు.

"అమ్మకి మాటిచ్చినాను కదే, కంప తీస్తానని. కోతల దాకా ఆగలేకపోయినావా, గుంటా?"

అంబలి తాగేసి, తువ్వాలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

తిరిగొస్తూ బస్సులోంచి చిన్నన్నకి ఫోన్ చేశాను. పెద్దన్న అనకపోయినా, నీ గురించి అడిగాడు, ఎలా ఉన్నాడన్నాడు అని చెప్పాను.

"ఇది అమ్మకే సెల్లింది. నీకు సేతకాదే" అన్నాడు.