సైడుకారులో బరువు

1973 జూన్‌లో నన్ను ఉయ్యూరు దగ్గర ఒక కాలవ సెక్షనుకు సూపర్‌వైజర్‌గా వేశారు. పెద్ద హోదా ఏమీ కాదు. ఇంజనీరుకి కింద, కాలవ కాపలా చూసే లస్కర్లకి పైన. గట్టు వెంట తిరిగి తూములు చూడటం, నీటిమట్టం రాసుకోవడం, రైతులు చాటుగా వేసుకున్న అడ్డుకట్టలు తీయించి వాళ్ళచేత తిట్లు తినడం నా పని. గట్టంతా గ్రావెల్ రోడ్డు. బస్సు లేదు.

నా భార్య సుగుణ అదే గట్టు మీద, అయిదు మైళ్ళ అవతల ఊళ్ళో టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమెకు ఎడమకాలు చచ్చుబడింది. సైకిలు తొక్కలేదు. మోటార్ సైకిలు వెనక కూర్చుంటే ఆ గతుకులకు ఆగలేదు. ఎద్దుబండిలో వెళ్తే మొదటి పీరియడు అయిపోయాక చేరేది. దసరా సెలవుల్లోగా ఏదో ఒక ఏర్పాటు చేసుకోకపోతే ఉద్యోగం మానుకోమని హెడ్మాస్టరు గారు మర్యాదగానే చెప్పారు. ఆ రోజు సుగుణ అన్నం ముట్టలేదు.

తీరిక దొరికినప్పుడల్లా విజయవాడ వెళ్ళి గవర్నర్‌పేటలో మెకానిక్కుల షెడ్లు తిరిగాను. స్కూటరుకి పక్కన సైడుకారు తొట్టి తగిలించినవి ముచ్చటగా ఉన్నాయి గాని, ఆ చిన్న చక్రాలు గ్రావెల్‌లో కూరుకుపోతాయి. చివరికి పెద్ద చక్రాల పాత మోటార్ సైకిలు, ఎడమపక్క ఇనుప తొట్టి ఉన్నది, తీసుకున్నాను. గులకరాళ్ళ మీద రెండు చక్రాలు జారిపోతాయి, మూడు నిలబడతాయి. వేగం పెంచితే బండి ఎడమకు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడికి. అది చేతికి అలవాటు కావాలి. ఒక్క సంగతి మాత్రం నాకు తట్టలేదు. షెడ్డు దగ్గర నడిపి చూసినంతసేపూ లావుపాటి మెకానిక్కు తొట్టిలోనే కూర్చుని ఉన్నాడు.

కాలవ గట్టు మీద అనుమతి లేని బండి తిరగకూడదు. డ్యూటీ కోసం నా బండికి అనుమతి వచ్చింది గాని, సుగుణను ఎక్కించుకోవడానికి రాలేదు. మా సబ్‌డివిజన్ ఇంజనీరు గారు రూలు దగ్గర మహా గట్టి మనిషి. “సర్కారు గట్టు మీద సంసారాలు తిప్పుతారుటయ్యా?” అన్నారు.

మర్నాడు ఖాళీ తొట్టితో తనిఖీకి బయల్దేరాను. వెనక ఆయన జీపు. లాకుల దగ్గర ఎడమకు తిప్పేసరికి తొట్టి గాల్లోకి లేచింది. బండీ నేనూ కలిసి కుడివైపు కాలవలో పడ్డాం. తుంగ పట్టుకుని లేస్తున్న నన్ను చూసి ఆయన, “నీ దుంప తెగ! బతికే ఉన్నావా?” అని పరుగెత్తుకొచ్చారు. తొట్టిలో బరువు లేకపోతే ఎడమ మలుపులో ఇంతేనని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. ఇసుక బస్తా వేసుకోమన్నారు.

సాయంత్రం ఇంట్లో బస్తా మూతి కుడుతుంటే సుగుణ చూస్తూ నిలబడింది. “ఏమండీ, నేను ఇసుక బస్తాకన్నా తీసిపోయానా?” అంది. నవ్వుతూనే అంది గాని, కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆ మాట ఉన్నదున్నట్టు వెళ్ళి ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. తొట్టిలో తగిన బరువు లేకుండా బండి నడపరాదని ఆర్డరు రాసి సంతకం పెట్టారు. “ఇసుకే అని రాయలేదు. చూసుకో” అన్నారు.

ఆ సెక్షనులో ఉన్నన్నాళ్ళూ సుగుణ ఆ తొట్టిలోనే బడికి వెళ్ళింది. ఒళ్ళో క్యారేజీ, పక్కన గొడుగు. ఎడమ మలుపు వస్తుంటే నేను చెప్పకుండానే ఎడమకు ఒరిగేది. “కాస్త మెల్లగా పోనివ్వండి, బడి ఎక్కడికీ పోదు” అనేది. వేళకు చేరడానికి కొన్న బండి అది! ఇప్పుడా గట్టు మీద తారు వేశారు. సుగుణ పోయి నాలుగేళ్ళయింది. నాకు మాత్రం ఆ దుమ్ము దారే కావాలనిపిస్తుంది, ఆ దారిలో ఆమె కావాలనిపిస్తుంది.

సైడుకారు బండి గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను. తొట్టి ఖాళీగా ఉంచి నడిపి చూశాకే కొనాలి. నేనిప్పుడు విజయవాడలో కారు నడుపుతున్నాను. నాలుగు చక్రాల బండికి ఆ భయం లేదు. అయినా ఎడమ మలుపు వచ్చిందంటే, పక్క సీటు ఖాళీ కదా అని, వేగం తగ్గిస్తాను.